తరగతికి ఇరవై మంది.. ఓటుకు విలువెంత? ఆక్యుపేషనల్ థెరపీ కళాశాలల్లో విద్యార్థి మండలి ఎన్నికలు

విద్యార్థి సంఘ ఎన్నికలు అనగానే మనకు ఢిల్లీ యూనివర్సిటీ, జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గుర్తొస్తాయి. వేల ఓట్లు, జెండాలు, రాత్రంతా సాగే చర్చలు, ఫలితాల రోజున టీవీ కెమెరాలు. ఆసుపత్రి ఆవరణలో ఓ మూలన, రెండు అంతస్తుల భవనంలో నడిచే ఆక్యుపేషనల్ థెరపీ కళాశాల ఎవరికీ గుర్తుకు రాదు. అక్కడ ఒక్కో బ్యాచ్‌లో ఇరవై, ముప్పై మందే ఉంటారు. విద్యార్థి మండలి ఎన్నిక చాలాచోట్ల ఒక మధ్యాహ్నంలో ముగుస్తుంది. కొన్నిచోట్ల అసలు జరగదు. ప్రిన్సిపాల్ గదిలో పేర్లు ఖరారై, నోటీసు బోర్డుకు ఎక్కుతాయి.

ఇంత చిన్న వ్యవహారంపై విశ్లేషణ ఎందుకని అనిపించవచ్చు. కానీ ఈ కోర్సు చదివేవారికి ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుందా, రోగులు తగినంత మంది ఉన్న ఆసుపత్రికి పోస్టింగ్ దొరుకుతుందా, రాత్రి తిరిగొచ్చేందుకు బస్సు ఉంటుందా, చేతికి వచ్చే డిగ్రీ మరో రాష్ట్రంలో చెల్లుతుందా అన్నవి రోజువారీ ప్రశ్నలు. వీటిని ఎవరు, ఎవరి తరఫున, ఎంత ధైర్యంగా అడగగలరన్నది ఆ చిన్న ఎన్నికే తేలుస్తుంది.

పాత వృత్తి, కొత్త చట్టం

ఆక్యుపేషనల్ థెరపీ మన దేశానికి కొత్తదేమీ కాదు. అమెరికాలో పుట్టి, భారతీయుడిని పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రిలో తొలి శిక్షణ కళాశాలకు పునాది వేశారు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. అదే ఏడాది పుట్టిన ప్రపంచ సమాఖ్యలో వ్యవస్థాపక సభ్యదేశాలు పది. వాటిలో భారత్ ఒకటి.

పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ చొక్కా గుండీలు తానే పెట్టుకునేలా, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడు చెంచాతో అన్నం తినేలా, చేతికి గాయమైన కార్మికుడు తిరిగి పనిలోకి వెళ్లేలా చేయడం ఈ వృత్తి పని. పేరులోని ‘ఆక్యుపేషన్’కు ఉద్యోగం అని కాదు, మనిషి రోజూ చేసుకోవాల్సిన, చేయాలనుకునే పనులన్నీ అని అర్థం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. ఆటిజంతో పాటు నిర్దిష్ట అభ్యసన లోపాలున్న పిల్లలు కూడా ఆ జాబితాలోకి వచ్చారు. దాంతో ఈ వృత్తి అవసరం పట్టణాల్లో స్పష్టంగా కనిపిస్తోంది.

అయినా చదువుపై నియంత్రణ చాలా ఏళ్లపాటు గాలికే వదిలేశారు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రత్యేక ఉపాధ్యాయులను, వాక్ చికిత్సకులను తన పరిధిలోకి తీసుకుంది కానీ, ఆక్యుపేషనల్ థెరపిస్టులను తీసుకోలేదు. ఢిల్లీ, మహారాష్ట్ర వంటి కొద్ది రాష్ట్రాలు సొంతంగా కౌన్సిళ్లు పెట్టుకున్నాయి. చివరికి 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది. అమలు నత్తనడకన సాగడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది.

ఈ చట్టం కింద ఏర్పడే కమిషన్‌లో అధికారులు, సంస్థల ప్రతినిధులు, వృత్తి నిపుణులు ఉంటారు. విద్యార్థులకంటూ ప్రత్యేకంగా ఒక కుర్చీ లేదు. పాఠ్యప్రణాళిక మారినా, ఇంటర్న్‌షిప్ గడువు మారినా, ప్రవేశ విధానం మారినా దాని ప్రభావం మొదట పడేది తరగతి గదిలో కూర్చున్నవారి మీద. తమ అభిప్రాయాన్ని అధికారికంగా చెప్పేందుకు వారికి మిగిలిన వేదిక కళాశాల మండలి ఒక్కటే.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

దేశంలో విద్యార్థి ఎన్నికలకు మూలం లింగ్డో కమిటీ సిఫార్సులు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జేఎం లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన ఆ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు వాటిని అమలు చేయాలని ఆదేశించింది.

సిఫార్సుల్లో ముఖ్యమైనవి ఇవి. విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోగా ఏటా ఎన్నికలు జరగాలి. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా పది రోజులు మించకూడదు. ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు, కరపత్రాలు నిషేధం. చేత్తో రాసినవి మాత్రమే, అనుమతించిన చోట అంటించాలి. రాజకీయ పార్టీల డబ్బు వాడకూడదు. అభ్యర్థికి కనీసం 75 శాతం హాజరు ఉండాలి, విశ్వవిద్యాలయ నిబంధన అంతకంటే ఎక్కువ అడిగితే అదే వర్తిస్తుంది. పోటీ చేసే ఏడాదిలో బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. ఆఫీస్ బేరర్ పదవికి ఒక్కసారి, కార్యవర్గ సభ్యత్వానికి రెండుసార్లు మాత్రమే పోటీ చేయొచ్చు. డిగ్రీ విద్యార్థుల వయసు 17 నుంచి 22 మధ్య ఉండాలి. నాలుగైదేళ్ల వృత్తి కోర్సులకు ఈ వయసు నిబంధనను సడలించవచ్చని కమిటీయే చెప్పింది.

ఈ నిబంధనల ఉద్దేశం మంచిదే. డబ్బు, కండబలం, ఏళ్ల తరబడి క్యాంపస్‌లోనే తిష్ఠ వేసే ‘శాశ్వత విద్యార్థుల’ ఆధిపత్యం తగ్గించాలన్నది లక్ష్యం. అయితే ఆ చిత్రం పెద్ద విశ్వవిద్యాలయాలది. ఇరవై మంది తరగతికి అదే కొలత తెచ్చి పెట్టినప్పుడు కొన్నిచోట్ల బిగుతుగా, కొన్నిచోట్ల వదులుగా తయారవుతోంది.

పోస్టింగ్‌లో ఉన్నవారు పోటీ చేసేదెలా?

ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ మన దగ్గర చాలాకాలంగా నాలుగేళ్ల చదువు, ఆపై ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ప్రపంచ సమాఖ్య కనీస ప్రమాణాల ప్రకారం విద్యార్థి కనీసం 1,000 గంటలు నిజమైన రోగులతో, పర్యవేక్షణలో పనిచేయాలి. అంటే మూడు, నాలుగో ఏడాది విద్యార్థి సగం రోజు వార్డులోనో, పిల్లల కేంద్రంలోనో, మానసిక చికిత్సాలయంలోనో గడుపుతాడు. కొన్ని పోస్టింగ్‌లు వేరే ఊళ్లోనే ఉంటాయి.

అక్కడి హాజరు కళాశాల రిజిస్టరులోకి ఆలస్యంగా చేరితే, నామినేషన్ రోజున కాగితం మీద 75 శాతం కనిపించదు. పోలింగ్ పనిదినం మధ్యాహ్నం పెడితే, వేరే ఆసుపత్రిలో ఉన్న నాలుగో ఏడాది విద్యార్థుల ఓటు ఆ మేరకు పోయినట్టే. ఇక ఇంటర్న్‌లు పూర్తికాల విద్యార్థులా, కాదా అన్నది కళాశాల ఎలా చదువుకుంటే అలా ఉంటుంది. కాదంటే, స్టైపెండ్ గురించి అడగాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో వారికే ఓటు లేకుండా పోతుంది.

ఫలితంగా పదవులు సాధారణంగా రెండో, మూడో ఏడాది వారికి వెళతాయి. వారికి సాంస్కృతిక కార్యక్రమాలు, క్రీడలు, అక్టోబరు 27న జరిగే ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపీ దినోత్సవం నిర్వహించే ఉత్సాహం ఉంటుంది. క్లినికల్ శిక్షణలోని లోటుపాట్లు మాత్రం వారికి ఇంకా అనుభవంలోకి రావు. తప్పు ఆ విద్యార్థులది కాదు, ఎన్నికల క్యాలెండరుది.

బ్యాక్‌లాగ్ నిబంధనకూ ఇలాంటి చిక్కే ఉంది. చదువును వదిలేసి రాజకీయాలు చేసేవారిని ఆపడానికి అది పనికొస్తుంది. కానీ మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీల్లో ఒక పేపరు తప్పినవారు ఆరోగ్య కోర్సుల్లో తక్కువేమీ ఉండరు. సర్కారు బడిలో మాతృభాషలో చదివి వచ్చినవారికి ఆ ఏడాది మరీ కష్టం. పుస్తకాలు, అదనపు తరగతులు, సప్లిమెంటరీ పరీక్షల గురించి మాట్లాడేందుకు వారి కంటే తగినవారు దొరకరు. ఆఫీస్ బేరర్ పదవులకు నిబంధనను ఉంచుతూనే, తరగతి ప్రతినిధి పదవికి సడలించడం కుదిరే పనే.

ఉమ్మడి మండలిలో మైనారిటీ

చాలా సంస్థల్లో ఆక్యుపేషనల్ థెరపీకి విడిగా మండలి ఉండదు. ఫిజియోథెరపీ, ప్రాస్థటిక్స్, నర్సింగ్, ఇతర అనుబంధ కోర్సులన్నింటికీ కలిపి ఒక్కటే. ఇక్కడ లెక్క చూడాలి. ఫిజియోథెరపీలో ఏడాదికి అరవై మంది, ఆక్యుపేషనల్ థెరపీలో ఇరవై మంది అనుకుందాం. నాలుగేళ్లకు 240 ఓట్లు ఒకవైపు, 80 ఓట్లు మరోవైపు. ప్రతి ఒక్కరూ తమ కోర్సు వారికే ఓటేస్తే చిన్న కోర్సు అభ్యర్థి అధ్యక్ష పదవికి ఎన్నటికీ గెలవలేరు.

గెలవలేకపోవడం అంత పెద్ద సమస్య కాదు. గెలిచినవారికి చిన్న కోర్సు అవసరాలు తెలియకపోవడం అసలు సమస్య. స్ప్లింట్లు తయారుచేసే థర్మోప్లాస్టిక్ షీట్లు ఖరీదైనవి. అవి లేకపోతే విద్యార్థి స్ప్లింట్ తయారీని పుస్తకంలో చదివి, పరీక్షలో బొమ్మ గీసి బయటికొస్తాడు. ఇంటి పనులు సాధన చేయించే గది, అంటే వంటగట్టు, మంచం, స్నానాల గది నమూనాలతో ఉండే ప్రయోగశాల కూడా ఈ కోర్సుకే ప్రత్యేకం. ఉమ్మడి మండలి బడ్జెట్ చర్చలో వీటి ప్రస్తావన రావాలంటే ఆ గది వాడేవారు ఒకరు లోపల కూర్చోవాలి.

పరిష్కారం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ప్రతి కోర్సుకూ కనీసం ఒక కార్యవర్గ స్థానం, అధ్యక్ష, ప్రధాన కార్యదర్శి పదవులు ఒకే కోర్సుకు వెళ్లకూడదన్న నియమం, ఏటా కోర్సుల మధ్య ఒక పదవి మారుతూ ఉండడం.. వీటిలో ఏదో ఒకటి మండలి నియమావళిలో రాసుకుంటే సరిపోతుంది. అయితే ముందు రాతపూర్వక నియమావళి అంటూ ఉండాలి.

మార్కులు వేసేవారినే ప్రశ్నించాలి

చిన్న విభాగంలో ఇంకో చిక్కుంది. బయటికి పెద్దగా చెప్పుకోరు కానీ, విద్యార్థులందరికీ తెలుసు. విభాగంలో ఐదారుగురు అధ్యాపకులే ఉంటారు. ఇంటర్నల్ మార్కులు, క్లినికల్ మూల్యాంకనం, వైవా, ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు ధ్రువపత్రం, రేపటి ఉద్యోగానికి సిఫార్సు లేఖ అన్నీ వారి చేతుల్లోనే. వేల మంది ఉన్న క్యాంపస్‌లో నినాదం ఇచ్చిన విద్యార్థి గుంపులో కలిసిపోగలడు. ఇరవై మందిలో అడిగింది ఎవరో హెచ్‌వోడీకి పేరుతో సహా తెలుస్తుంది.

అందుకే చాలా పదవులకు ఒక్కటే నామినేషన్ వస్తుంది. ‘ఏకగ్రీవం’ అని నోటీసు పెడతారు. బయటివారికి అది ఐక్యతలా కనిపిస్తుంది. నిజానికి అది ఒక్కోసారి ఆసక్తి లేకపోవడం, ఒక్కోసారి భయం. రెండింటినీ వేరుచేసి చూడాలంటే ఆ ఏడాది మండలి యాజమాన్యానికి లిఖితపూర్వకంగా ఎన్ని విజ్ఞప్తులు ఇచ్చింది, ఎన్నింటికి జవాబు వచ్చింది అన్నది చూస్తే చాలు.

ఈ భయానికి మందు కొంతవరకు ఇప్పటికే ఉన్న నిబంధనల్లో దొరుకుతుంది. ఎన్నికల ఫిర్యాదుల విభాగంలో డీన్, అధ్యాపకులు, పరిపాలనాధికారితో పాటు చివరి ఏడాది విద్యార్థులు ఇద్దరు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉండాలని లింగ్డో కమిటీ చెప్పింది. 2023 నాటి యూజీసీ నిబంధనలు ప్రతి సంస్థలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ, దానిపై విశ్వవిద్యాలయ స్థాయిలో అంబుడ్స్‌పర్సన్ ఉండాలంటున్నాయి. కమిటీలో విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చుంటారు. కాకపోతే ఆ ప్రతినిధిని ఎన్నుకోరు. చదువు, క్రీడలు, ఇతర కార్యక్రమాల్లో ప్రతిభ చూసి నామినేట్ చేస్తారు.

లైంగిక వేధింపులపై 2015 నాటి యూజీసీ నిబంధనలు ఇంకాస్త ముందుకెళ్లాయి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదును విచారించేటప్పుడు అంతర్గత కమిటీలో ముగ్గురు విద్యార్థులు ఉండాలి, వారు పారదర్శకమైన ప్రజాస్వామిక పద్ధతిలో ఎన్నికైనవారై ఉండాలి అన్నాయి. ఆక్యుపేషనల్ థెరపీ తరగతుల్లో ఎక్కువ మంది అమ్మాయిలే. పోస్టింగ్‌ల పేరుతో వారు తెలియని ఆసుపత్రులకు, కొన్నిసార్లు రోగుల ఇళ్లకూ వెళ్లాల్సి ఉంటుంది. సాంస్కృతిక కార్యదర్శి ఎన్నికకు చూపే శ్రద్ధలో సగమైనా ఈ ముగ్గురి ఎన్నికపై చూపిస్తే మేలు.

నామినేషనా, ఎన్నికా?

ఎన్నికలు వద్దనేవారి వాదననూ తీసిపారేయలేం. హింస, కులం, పార్టీల జోక్యం క్యాంపస్‌లను పాడుచేసిన చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో నిలిచిపోయిన విద్యార్థి సంఘ ఎన్నికలు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ తిరిగి మొదలు కాలేదు. హైదరాబాద్‌లోనే కేంద్ర విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఓటు పడుతోంది. మహారాష్ట్రలో 1994 చట్టం మార్కుల ఆధారంగా ప్రతినిధులను నియమించింది. 2016 చట్టం మళ్లీ ఎన్నికలకు తలుపు తీసినా, ఆచరణలో వాయిదాలే మిగిలాయి. కేరళ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో ఎన్నికైన యూనియన్ ఉంది.

పొరుగు దేశాలూ ఇదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నాయి. పాకిస్థాన్‌లో 1984లో జియా ఉల్ హక్ విద్యార్థి సంఘాలను నిషేధించారు. సింధ్ రాష్ట్రం 2022లో వాటిని పునరుద్ధరిస్తూ చట్టం చేసింది. ఢాకా విశ్వవిద్యాలయంలో 28 ఏళ్ల విరామం తర్వాత 2019లో, మళ్లీ 2025లో ఎన్నికలు జరిగాయి. ఎన్నికలు ఆపేస్తే క్యాంపస్ రాజకీయం ఆగలేదని, లెక్కచెప్పాల్సిన అవసరం లేనివారి చేతికి వెళ్లిందని ఈ అనుభవాలు చెబుతున్నాయి.

పరిస్థితులు అనుకూలంగా లేనిచోట నామినేషన్ పద్ధతి వాడుకోవచ్చని లింగ్డో కమిటీ కూడా ఒప్పుకుంది. కానీ దాన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూసింది, ఐదేళ్లలో ఎన్నికలకు మారాలని చెప్పింది. ఆ లెక్కన గడువు దాటి చాలా ఏళ్లయింది. పైగా పెద్ద క్యాంపస్‌ల హింసను చూపించి, ఎనభై మంది ఉన్న కళాశాలలో బ్యాలెట్ పెట్టెను వద్దనడం అతకదు. ఇక్కడ బయటి గూండాలు రారు, హోర్డింగులు కట్టరు. ఒక గది, ఒక పెట్టె, ఇద్దరు పరిశీలకులు చాలు.

తెలుగు విద్యార్థులకు ఇందులో ఏముంది?

తెలుగు రాష్ట్రాల్లో ఫిజియోథెరపీ కళాశాలలు చాలా ఉన్నా, ఆక్యుపేషనల్ థెరపీ కోర్సు దొరికేది అతి తక్కువ చోట్ల. అందుకే ఇక్కడి పిల్లలు చెన్నై, వెల్లూరు, మణిపాల్ దారి పడతారు. ఇంకొందరు కటక్ సమీపంలోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థకు, కోల్‌కతాలోని చలన వైకల్యాల జాతీయ సంస్థకు వెళతారు.

ఈ వృత్తిలో మాటే సగం చికిత్స. పొద్దున లేచి ఏం చేస్తారు, ఏ పని చేయలేకపోతున్నారు, ఇంట్లో మెట్లున్నాయా అని రోగిని అడగాలి. ఒడియా, తమిళం, కన్నడం రాని విద్యార్థికి మొదటి ఆరు నెలలు తోటి విద్యార్థే దుబాసీ. మొదటి ఏడాదిలోనే స్థానిక భాషలో రోగితో మాట్లాడటం నేర్పే తరగతులు పెట్టాలని అడగడం న్యాయమైన ఎన్నికల హామీ. బయటి రాష్ట్రాల విద్యార్థులు ఓటర్లలో గణనీయంగా ఉన్నచోట ఇది ఓట్లు తెచ్చే హామీ కూడా.

ఏం అడగాలి, ఏం మార్చాలి?

పోటీకి దిగే అభ్యర్థిని ఓటరు నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. మొదటిది, మన క్లినికల్ గంటల లెక్కను ప్రతి సెమిస్టరు చివర ప్రకటించేలా చేయగలవా? రెండోది, ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌పై యాజమాన్యం నుంచి రాతపూర్వక జవాబు తెస్తావా? మూడోది, మండలి ఖాతాలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది బోర్డుపై పెడతావా? నాలుగోది, సమావేశాల మినిట్స్ అందరికీ ఇస్తావా? వీటికి అవును అనడం తేలిక. ఏడాది చివర ఆ నాలుగు కాగితాలు చూపించమనడమే అసలు పరీక్ష.

యాజమాన్యాలు చేయాల్సిందీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పోస్టింగ్ షెడ్యూలు చూసుకుని పోలింగ్ తేదీ పెట్టాలి. బయట ఉన్నవారికి ముందస్తు ఓటు సౌకర్యం ఇవ్వాలి. ఇంటర్న్‌లకు పోటీ అవకాశం కాకపోయినా కనీసం ఓటు ఇవ్వాలి. ప్రతినిధిగా ఉన్న విద్యార్థి క్లినికల్ మూల్యాంకనంలో బయటి పరీక్షకుడు ఒకరు ఉండేలా చూడాలి. నాక్ గుర్తింపు కోసం నింపే పత్రాల్లో విద్యార్థి మండలి గురించి రాసేటప్పుడు, ఎన్నికైనవారెందరు, నామినేట్ అయినవారెందరు విడివిడిగా చూపాలి. జాతీయ కమిషన్ కూడా పాఠ్యప్రణాళిక మార్చే ముందు కళాశాల మండళ్ల అభిప్రాయం తీసుకోవడాన్ని ఆనవాయితీగా చేసుకోవచ్చు. అందుకు చట్టం మార్చాల్సిన పని లేదు.

చివరిగా మరో మాట. దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది. కాబట్టి వీల్‌చైర్‌లో వచ్చే విద్యార్థి ఓటరుగానూ, అభ్యర్థిగానూ ఉండొచ్చు. ర్యాంపు లేని రెండో అంతస్తులో పోలింగ్ పెట్టడం, చూపు లేనివారు సొంతంగా వేయలేని బ్యాలెట్ ఇవ్వడం ఏ కళాశాలకైనా తప్పే. ఇళ్లను, బడులను, పని ప్రదేశాలను అందరికీ అనువుగా మార్చడం నేర్పే కళాశాలకు అది మరీ తప్పు. మనిషి తన జీవితానికి సంబంధించిన పనుల్లో తానే పాల్గొనాలన్నది ఈ చదువు మొదటి పాఠం. ఎన్నికల రోజున ఆ పాఠం ఎంతవరకు అమలవుతుందో ఓటర్ల జాబితా, పోలింగ్ గది, నామినేషన్ల సంఖ్య చెప్పేస్తాయి.